కొత్తగా పెంచిన దవడ ఎముకలోకి పన్ను జరుగుతుందా? ఒకే ప్రశ్నకు మూడు సమాధానాలు ఎందుకు వస్తాయి

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వంటి ఊళ్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు పళ్ల వైద్యం ఒక్కచోట తెమిలే వ్యవహారం కాదు. పిప్పిపన్ను పీకించుకోవడం ఊళ్లోనే అయిపోతుంది గాని, పళ్ల వరస సరిచేసే క్లిప్పుల కోసమో దవడ ఎముక పెంచే శస్త్రచికిత్స కోసమో కొందరు శ్రీకాకుళం, విశాఖపట్నం దిక్కుకు వెళ్తారు, మరికొందరు బరంపురానికో కటక్‌కో వెళ్తారు. ఇలా సరిహద్దుకు రెండు వైపులా చూపించుకున్నవారికి ఒకే నోటి గురించి పొంతన కుదరని మాటలు వినిపించడం అరుదేమీ కాదు. ముందు ఎముక వేసి, ఆరు నెలలు ఆగి, ఆ తరువాతే పన్ను జరపాలని ఒక డాక్టరు అంటారు. ఎముక వేసిన నెలకే పన్ను జరిపే తీగ వేయవచ్చని ఇంకొకరు అంటారు. అసలు ఎముక వేయనక్కర్లేదు, పన్నే తన ఎముకను వెంట తెచ్చుకుంటుందని మూడోవారు అంటారు. విన్నవారికి ముగ్గురిలో ఇద్దరు పొరపాటు పడుతున్నారనే అనిపిస్తుంది. నిజానికి ముగ్గురి మాటకూ ఆధారం ఉంది; అయితే ఒక్కొక్కరి ఆధారం ఒక్కో రకమైన ఎముక లోటుకు సంబంధించినది. ఏ లోటు, దాన్ని దేనితో నింపారు, నింపిన దానిలో ఇప్పుడు జీవం ఎంత ఉంది అన్న మూడు సంగతులు తెలియకుండా ఎవరి మాట సరైనదో తేల్చడం సాధ్యం కాదు.

ఈ గందరగోళానికి తోడు 2024లో మరో వార్త వచ్చింది. పళ్లను మళ్లీ మొలిపించే మందును జపాన్‌లోని క్యోటోలో మనుషులపై పరీక్షించడం మొదలుపెట్టారన్నది దాని సారాంశం. అది ఎదగకుండా ఆగిపోయిన పంటి మొగ్గలను తిరిగి ఎదిగించే ప్రయత్నం. దవడలో కరిగిన ఎముకను పెంచి, ఉన్న పంటిని అందులోకి జరపడమనేది వేరే విషయం. అది ప్రయోగదశలో ఉన్న కల కాదు, దశాబ్దాలుగా జరుగుతున్న చికిత్స.

పన్ను జరిగేటప్పుడు లోపల ఏమవుతుంది

గోడలో దిగగొట్టిన మేకులాగా పన్ను ఎముకలో బిగుసుకుని ఉండదు. వేరుకూ ఎముకకూ నడుమ మిల్లీమీటరులో ఐదో వంతు మందాన ఒక నారపొర ఉంటుంది. నార పోగులు, రక్తనాళాలు, నరాలు, రకరకాల కణాలు కలిసిన ఈ పొరే పంటిని గోతిలో పట్టి ఉంచుతుంది. తీగ పంటిని ఒక వైపుకు నెట్టినప్పుడు ఆ వైపు పొర నలుగుతుంది, ఎదుటి వైపు సాగుతుంది. నలిగిన వైపు ఎముకను కరిగించే కణాలు చేరతాయి, సాగిన వైపు ఎముకను కట్టే కణాలు పనికి దిగుతాయి. ముందున్న ఎముక కరిగి చోటిస్తుంది, వెనుక కొత్త ఎముక నిండుతుంది, ఆ విధంగా పన్ను తన గోతితో సహా జరుగుతుంది. స్వీడన్‌కు చెందిన కార్ల్ సాండ్‌స్టెట్ కుక్కల పళ్లను జరిపి, ఆ చుట్టూ ఎముకలో వచ్చిన మార్పులను సూక్ష్మదర్శినిలో పరిశీలించి 1904-05లో ప్రకటించాడు. ఈ వివరణకు ఆ తరువాత ఎన్నో చేర్పులు వచ్చాయి గాని పునాది కదలలేదు.

బలం ఎంత ఉండాలన్నది రెండో సంగతి. సన్నని రక్తనాళాల్లో ఉండే ఒత్తిడిని మించకూడదంటూ 1932లో ష్వార్జ్ ఒక కొలత చెప్పాడు: వేరు ఉపరితలంలో చదరపు సెంటీమీటరుకు 20 నుంచి 26 గ్రాములు. నేటి డాక్టర్లు ఆ అంకెను తూచి వాడరు గాని దాని వెనుక ఉన్న తర్కాన్ని మాత్రం అందరూ ఒప్పుకుంటారు. బలం అతిగా పెడితే నలిగిన చోట రక్తం ఆగిపోయి, పొరలో ఆ భాగం చచ్చుబడుతుంది. కరిగించే కణాలు ఎముక వెనుక నుంచి తొలుచుకుని వచ్చేదాకా పన్ను కొన్ని వారాలు అక్కడే నిలిచిపోతుంది, వేరు అరిగే ప్రమాదం కూడా పెరుగుతుంది. గట్టిగా బిగిస్తే పని తొందరగా అవుతుందన్న నమ్మకం అందువల్ల నిలవదు. మామూలు ఎముకలో, మామూలు బలంతో, పన్ను నెలకు సుమారు ఒక మిల్లీమీటరు జరుగుతుంది.

పంటిని జరిపేది పైకి తీగలా కనిపించినా, లోపల పని చేసేది రక్తప్రసారం ఉన్న నారపొర, దాని పక్కన ఉన్న ఎముక అన్నది ఇక్కడ గుర్తుంచుకోవలసిన అంశం. ఈ రెండింటిలో ఏది లేకపోయినా జరుగుడు ఉండదు. పోయిన పంటికి బదులు ఎముకలో బిగించే ఇంప్లాంటు చుట్టూ నారపొర ఉండదు, అది నేరుగా ఎముకతో అతుక్కుపోతుంది. కనుక ఎంత నెట్టినా జరగదు. దెబ్బ తగిలి ఎముకతో కలిసిపోయిన పన్ను కూడా అంతే. క్లిప్పులు, ఇంప్లాంటు రెండూ అవసరమైనవారికి సాధారణంగా ఇంప్లాంటును చివరికి ఉంచడానికి కారణం ఇదే.

ఎముక ఎందుకు తగ్గుతుంది, దాన్ని ఎలా పెంచుతారు

పళ్లను మోసే దవడ అంచు పళ్ల కోసమే ఉంటుంది; పన్ను పోతే అది కుంగిపోతుంది. పన్ను పీకిన చోట ఎముక వెడల్పు ఏడాదిలో దాదాపు సగానికి తగ్గుతుందని, అందులోనూ మూడింట రెండు వంతులు మొదటి మూడు నెలల్లోనే పోతుందని 2003లో వెలువడిన ఒక ప్రసిద్ధ అధ్యయనం చూపింది. రెండో కారణం చిగుళ్ల జబ్బు. పంటి పక్కనే ఎముక గుంటలా కరిగి, పన్ను వదులై, పక్కకు ఒరుగుతుంది. మూడోది పుట్టుకతో వచ్చేది: గ్రహణం మొర్రిలో కొందరి పై దవడ అంచు కూడా చీలిపోయి, అక్కడ ఎముకే ఏర్పడదు.

ఎముకకు తిరిగి పెరిగే గుణం ఉంది గాని అది నెమ్మదిగా పెరుగుతుంది. గాయంలోకి చిగుళ్ల పైపొర కణాలు చాలా వేగంగా పాకి వస్తాయి, ఎముక కణాలు చేరేలోపు చోటును ఆక్రమిస్తాయి. ఏ కణాలు ముందు చేరితే ఆ కణజాలమే అక్కడ ఏర్పడుతుందని మెల్చర్ 1976లో ప్రతిపాదించాడు. దాని ఆధారంగా స్వీడన్‌లో నీమన్, లిండే, వారి సహచరులు 1982లో ఒక మనిషి కింది ముందు పంటి పక్కన వడపోత పొరను అడ్డుపెట్టి, చిగురు కణాలను దూరంగా ఉంచి, వేరును పట్టుకునే కణజాలం మళ్లీ పెరిగేలా చేశారు. ఇప్పటి డాక్టర్లు వాడే కొల్లాజెన్ పొరలన్నిటికీ మూలం ఆ ప్రయోగమే.

ఇక్కడ రెండు పనులను వేరుగా చూడాలి. పన్ను ఉన్నచోట దాని వేరు పక్కన ఎముకతో పాటు నారపొర, వేరు మీది పూత కూడా తిరిగి రావాలి. పన్ను లేనిచోట దవడ అంచును వెడల్పు చేయడానికి ఎముక ఒక్కటి వస్తే చాలు, ఎందుకంటే తరువాత అక్కడికి వచ్చే పన్ను తన నారపొరను తానే మోసుకొస్తుంది. మామూలు మాటల్లో రెండింటినీ "ఎముక వేయడం" అనే అంటారు. ఆరు నెలలా, ఒక నెలా అన్న తగాదాలో సగం ఈ తేడా మరుగున పడడం వల్ల వచ్చినదే.

ఎక్స్‌రేలో తెల్లగా కనిపించేదంతా ఎముక కాదు

లోటును నింపడానికి వాడే పదార్థాలు ప్రధానంగా నాలుగు రకాలు. మొదటిది రోగి సొంత ఎముక. గడ్డం దగ్గర నుంచో, కింది దవడ వెనుక భాగం నుంచో, ఎక్కువ కావాలంటే తుంటి దగ్గరి ఎముక అంచు నుంచో తీస్తారు. ఇందులో జీవకణాలు ఉంటాయి కనుక కొత్త చోట తొందరగా కలిసిపోతుంది, కొన్ని నెలల్లో దవడ తనదైన ఎముకతో దాన్ని మార్చేసుకుంటుంది. రెండోది మరొక మనిషి దానం చేసిన ఎముకను శుద్ధి చేసి ఎండబెట్టిన పొడి. మన దేశంలో ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి కణజాల నిధి ఇలాంటి పొడిని తయారుచేస్తుంది. మూడోది పశువుల ఎముక నుంచి ప్రోటీన్లన్నీ తొలగించి మిగిల్చిన ఖనిజపు గుళికలు. ఇది పశువు నుంచి వచ్చినదని తెలిస్తే వద్దనే కుటుంబాలు మన ప్రాంతంలో ఉన్నాయి, ఆ సంగతి ముందే చెప్పడం డాక్టరు బాధ్యత. నాలుగోది కృత్రిమ పదార్థాలు: ట్రైకాల్షియం ఫాస్ఫేట్, హైడ్రాక్సీ అపటైట్, 1969లో లారీ హెంచ్ కనిపెట్టిన బయోగ్లాస్ వంటివి. రోగి రక్తాన్ని యంత్రంలో తిప్పి తీసే ఫైబ్రిన్ ముద్దను వీటితో కలిపి వాడేవారూ ఉన్నారు. అది గాయం మానడానికి సాయపడుతుంది గాని దానంతట అది ఎముక కాదు.

పన్ను జరపాలనుకునేవారికి ఈ జాబితాలో అసలు ప్రశ్న ఒక్కటే: ఈ పదార్థం కరిగి దాని స్థానంలో సొంత ఎముక వస్తుందా, లేక అది అక్కడే మిగిలిపోతుందా? సొంత ఎముక మారిపోతుంది. ట్రైకాల్షియం ఫాస్ఫేట్ నెలల్లో కరుగుతుంది. పశువుల ఎముక గుళికలు చాలా నెమ్మదిగా కరుగుతాయి, ఏళ్ల తరువాత తీసిన ముక్కల్లో కూడా కనిపిస్తాయి. దట్టమైన హైడ్రాక్సీ అపటైట్ దాదాపు కరగదు. ఇంప్లాంటు వేయడానికి కరగకపోవడం ఒక సుగుణం. దవడ అంచు ఆకారం నిలుస్తుంది. పన్ను జరపడానికి అదే గుణం అడ్డంకి కావచ్చు, ఎందుకంటే నలిగిన వైపు కణాలు దేన్ని కరిగించగలవో అందులోకే పన్ను వెళ్తుంది.

అలాగని గుళికలున్న చోటికి పన్ను జరగదని చెప్పలేము. పశువుల ఎముక గుళికలతో వెడల్పు చేసిన దవడలోకి, మూడు నెలల తరువాత, కుక్కల పళ్లను జరపగలిగినట్టు స్వీడన్ పరిశోధకులు 2001లో ప్రకటించారు. గుళికల మధ్య ఖాళీల్లో జీవమున్న ఎముక అల్లుకుని ఉంటే దారి దొరుకుతుంది. నారతో చుట్టుకుపోయి గుళికలు మాత్రమే మిగిలితే దొరకదు. చిక్కేమిటంటే ఎక్స్‌రేలో ఈ రెండూ ఒకేలా తెల్లగా కనిపిస్తాయి. తెలుపు అంటే ఖనిజం ఉందని అర్థమే తప్ప జీవం ఉందని కాదు. దవడలకు తీసే సీబీసీటీ అనే ఎక్స్‌రే స్కాన్ మూడు కొలతల్లో చూపిస్తుంది, అంతవరకు మేలే. కాని అదీ ఖనిజాన్నే చూస్తుంది. పైగా అందులో ఒక్కో చుక్క సాధారణంగా మిల్లీమీటరులో ఐదో వంతు నుంచి ఐదింట రెండు వంతుల దాకా ఉంటుంది కనుక అంతకంటే పలచని ఎముక పొర ఉన్నా లేనట్టు కనిపించవచ్చు.

సరిహద్దు జిల్లాలవారి విషయంలో ఈ చిక్కు మరింత ముదురుతుంది. ఎముక వేసిన డాక్టరు ఒక రాష్ట్రంలో, తీగ వేసే డాక్టరు మరో రాష్ట్రంలో ఉంటారు. రోగి చేతిలో ఉండేది ఒక పాత ఎక్స్‌రే. ఏ పదార్థం వాడారో, ఏ తేదీన వేశారో రాసిన కాగితం దారిలో ఎక్కడో పోతుంది. అది లేని డాక్టరు సహజంగానే జాగ్రత్త పక్షం వహించి ఎక్కువ కాలం ఆగమంటారు. దాన్ని చూసి, ఆ డాక్టరుకు కొత్త పద్ధతి తెలియదనుకోవడం న్యాయం కాదు.

అన్నిటికంటే పాత రుజువు: గ్రహణం మొర్రి పిల్లలు

వేసిన ఎముకలోకి పన్ను వస్తుందా అన్న సందేహానికి అర్ధశతాబ్దం నాటి జవాబు ఈ పిల్లల నోళ్లలోనే ఉంది. పై దవడ అంచు చీలిన బిడ్డకు పసితనంలోనే ఎముక వేసే పద్ధతి ఒకప్పుడు ఉండేది. దానివల్ల పై దవడ ఎదుగుదల కుంటుపడుతుందని తేలి చాలా కేంద్రాలు మానుకున్నాయి. అమెరికాలో బాయిన్, శాండ్స్ 1972లో వేరే దారి సూచించారు: పాలపళ్లు ఊడి కొత్తవి వస్తున్న వయసులో తుంటి నుంచి మెత్తని ఎముక తీసి వేయడం. నార్వేలోని ఆస్లో బృందం పెద్ద సంఖ్యలో పిల్లలకు ఆ పద్ధతి అనుసరించి 1986లో ఫలితాలు ప్రకటించింది. కోరపన్ను ఇంకా దిగకముందు, సుమారు 9 నుంచి 11 ఏళ్ల మధ్య, ఆ పంటి వేరు సగం నుంచి మూడింట రెండు వంతులు ఏర్పడిన దశలో ఎముక వేస్తే, కోరపన్ను ఆ కొత్త ఎముకలోంచే దిగివస్తుందని వారు చూపించారు.

గుణుపురం దగ్గరి పల్లెలో ఒక బాబు ఉన్నాడనుకుందాం. మూడు నాలుగు నెలల వయసులో పెదవి కుట్టారు, ఏడాది దాటాక అంగిలి కుట్టారు. మాట కొంచెం ముక్కుతో వచ్చినా ముఖం బాగుంది కనుక ఇంట్లోవారు వైద్యం పూర్తయిందనుకున్నారు. తొమ్మిదో ఏట ఎక్స్‌రే తీస్తే, చీలిక పక్కన కోరపన్ను లోపలే ఉంది, వేరు సగం ఏర్పడింది. ఇప్పుడు జరిగే క్రమం ఇది: ముందు ఇరుకైన పై దవడను కొన్ని నెలలు క్లిప్పుతో వెడల్పు చేస్తారు, తరువాత చీలికలో తుంటి ఎముక వేస్తారు, సుమారు మూడు నెలలకు పక్క పళ్లను జరిపే పని తిరిగి మొదలుపెడతారు. కోరపన్ను దిగుతూ ఆ ఎముకను తన చుట్టూ నిలుపుకుంటుంది. అదే బాబు పదిహేనేళ్లకు, కోరపన్ను అప్పటికే చీలిక గోడ పక్కన బయటికి దిగాక వస్తే, ఎముక వేయగలరు గాని ఫలితం సాధారణంగా అంత బాగుండదు. పంటి పక్కన ఎముక అప్పటికే పలచబడి ఉంటుంది.

ఈ అనుభవంలో మిగతా రోగులకూ పనికివచ్చే విషయం ఒకటుంది. పన్ను రాని చోట వేసిన ఎముక క్రమంగా కరుగుతుంది, పన్ను వచ్చిన చోట నిలుస్తుంది. ఎముకకు పని ఉండాలి. చాలాకాలం ఆగడం ఎప్పుడూ సురక్షితమేనన్న వాదనకు ఇది గట్టి ఎదురుమాట. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అంగన్‌వాడీల్లో, బడుల్లో 18 ఏళ్లలోపు పిల్లలను పరీక్షించే జాబితాలో గ్రహణం మొర్రిని చేర్చింది. దానివల్ల పసిపిల్లలను గుర్తించి పెదవి, అంగిలి శస్త్రచికిత్సలకు పంపడం సులువైంది. తొమ్మిదో ఏట చేయవలసిన మూడో పని మాత్రం, పైకి లోపం కనిపించదు కనుక, సులభంగా జారిపోతుంది.

చిగుళ్ల జబ్బు తరువాత: ఆరు నెలలా, నాలుగు వారాలా

బరంపురంలో 45 ఏళ్ల గృహిణి ఒకరు ఉన్నారనుకుందాం. చిగుళ్ల జబ్బు వల్ల ఎముక కరిగి పై ముందు పళ్లు విసనకర్రలా విచ్చుకున్నాయి, ఒక పంటి పక్కన ఏడు మిల్లీమీటర్ల లోతు గుంట ఉంది. పళ్లను దగ్గరికి తేవాలి, గుంటనూ నింపాలి. చిగుళ్ల వైద్యుడు గుంట శుభ్రం చేసి, పదార్థం నింపి, పొర కప్పి కుట్టాడు. తీగ ఎప్పుడు వేయాలి?

ఆగాలనేవారి వాదన ఇలా ఉంటుంది. తొలి వారాల్లో గుంటలో ఉండేది గడ్డకట్టిన రక్తం, దాని స్థానంలో పెరుగుతున్న లేత కణజాలం. పన్ను ఊగితే ఆ గడ్డ చెదురుతుంది, నారపొర సరిగా కట్టదు. తొలుత ఏర్పడే అల్లిక ఎముక బలహీనమైనది, అది పొరలు పొరలుగా గట్టి ఎముకగా మారడానికి నెలలు పడుతుంది. కనుక ఆరు నెలలు, కొందరి లెక్కలో తొమ్మిది నెలలు. త్వరగా మొదలుపెట్టాలనేవారు ఇవే వాస్తవాలను మరోలా చదువుతారు. లేత ఎముకలో కణాలు చురుకుగా ఉంటాయి కనుక పన్ను సులభంగా జరుగుతుంది. శస్త్రచికిత్స చేసిన చోట ఎముక కరగడం, కట్టడం రెండూ కొన్ని నెలల పాటు వేగం పుంజుకుంటాయని ఫ్రాస్ట్ 1983లో వర్ణించాడు. ఆ వేడి చల్లారాక మొదలుపెట్టడం అవకాశం పోగొట్టుకోవడమే అంటారు.

చాలాకాలం ఇది అభిప్రాయాల పోటీగానే మిగిలింది. 2021లో వెలువడిన ఒక పరీక్ష దీన్ని నేరుగా తూచింది. పలు కేంద్రాల్లో 43 మంది రోగులను లాటరీ పద్ధతిలో రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు శస్త్రచికిత్స తరువాత నాలుగు వారాలకు, రెండో జట్టుకు ఆరు నెలలకు పళ్లు జరపడం మొదలుపెట్టారు. ఏడాది తరువాత చూస్తే, వేరును చిగురు తిరిగి పట్టుకున్న నిడివి త్వరగా మొదలుపెట్టినవారిలో సగటున 5.4 మిల్లీమీటర్లు, ఆగినవారిలో 4.5 మిల్లీమీటర్లు పెరిగింది. గణాంకాల లెక్కలో ఈ తేడా తేడాగా నిలవలేదు. అంటే త్వరపడితే ఎక్కువ మేలని ఇది రుజువు చేయలేదు, త్వరపడితే చెడుతుందన్న భయానికి మాత్రం ఆధారం దొరకలేదు. మరుసటి ఏడాది ఐరోపా చిగుళ్ల వైద్యుల సమాఖ్య తన మార్గదర్శకాల్లో, ముదిరిన జబ్బు ఉన్నవారిలో ఇలాంటి గుంటలను నింపాక దీర్ఘకాలం ఆగనక్కర్లేదని పేర్కొంది.

ఈ ఫలితాన్ని ఎక్కడిదాకా లాగవచ్చన్నదే ఇప్పుడు అసలు వివాదం. ఆ పరీక్షలో ఉన్నవి పంటి పక్కన గోడలున్న గుంటలు. ఎముక ఆసరా ఇంకా మిగిలిన చోట్లు. రోగులు జబ్బు అదుపులోకి వచ్చినవారు, నిపుణుల దగ్గర తరచు శుభ్రం చేయించుకున్నవారు. పళ్లు లేక కుంగిన దవడను పెద్దఎత్తున వెడల్పు చేసిన చోట ఇదే నాలుగు వారాల లెక్క వర్తిస్తుందని అది చెప్పలేదు. అక్కడ గుళికలు బయటి నుంచి లోపలికి ఎముకగా మారడానికి కాలం కావాలి, ఆరు నెలల మాటకు అక్కడ ఇప్పటికీ బలముంది. బరంపురం గృహిణికి "నెలకే" అన్న డాక్టరు, ఆమె కోడలికి దవడ వెడల్పు చేసి "ఆరు నెలలు" అన్నా అందులో వైరుధ్యం లేదు.

ఇంకొక షరతు కూడా ఉంది, దీనిపై ఎవరికీ భేదాభిప్రాయం లేదు. చిగుళ్లలో వాపు, చీము ఉండగా పంటిని గుంటలోకి జరిపితే గుంట లోతవుతుంది. జంతు ప్రయోగాలు దీన్ని ఎప్పుడో చూపాయి. చీము ఆగకముందు వేసే తీగ ఏ తేదీన వేసినా తొందరపాటే.

పాత ఖాళీలోకి దవడపన్ను: ఎముక వేయకుండా కుదురుతుందా

మూడో డాక్టరు మాటకు ఆధారం ఇక్కడ ఉంది. రాయగడలో 22 ఏళ్ల యువతికి పదమూడేళ్లప్పుడు కింది మొదటి దవడపన్ను పీకించారనుకుందాం. ఇప్పుడు అక్కడ ఎనిమిది మిల్లీమీటర్ల ఖాళీ మిగిలింది, ఎముక అంచు మధ్యలో నొక్కుకుపోయింది. ఇంప్లాంటు వద్దనుకుంటే వెనుకనున్న రెండో దవడపంటిని ముందుకు తేవచ్చు. దవడలో చిన్న స్క్రూ బిగించి దాన్ని ఆధారం చేసుకుని లాగుతారు.

కింది దవడ ఎముక దట్టమైనది, దవడపంటి వేర్లు పెద్దవి. అందువల్ల వేగం నెలకు అర మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. అర మిల్లీమీటరు చొప్పున ఎనిమిది మిల్లీమీటర్లకు 16 నెలలు. వేగం 0.3 మిల్లీమీటరుకు పడిపోతే దాదాపు 27 నెలలు. ఈ అంకెలు విని వెనక్కు తగ్గి ఇంప్లాంటు ఎంచుకునేవారు చాలామంది, అది వారి ఇష్టం.

పన్ను ముందుకు వచ్చేటప్పుడు రెండు విధాలుగా జరగవచ్చు. తేలికపాటి బలంతో, వేరు మొత్తం నిటారుగా కదిలితే, ముందు ఎముక కరుగుతూ వెనుక కడుతూ గొయ్యి మొత్తం పంటితో పాటు వస్తుంది. అప్పుడు నొక్కుకుపోయిన అంచు కూడా పన్ను వచ్చిన మేరకు వెడల్పవుతుంది. ఈ గుణాన్నే వాడుకుని కొందరు డాక్టర్లు, ఇంప్లాంటు వేయవలసిన ఇరుకు చోటుకు ముందు పక్క పంటిని జరిపి, అది వదిలి వచ్చిన చోట కట్టిన ఎముకలో ఇంప్లాంటు వేస్తారు. బలం ఎక్కువైనా, అంచు మరీ కత్తివాదరలా పలచబడినా రెండో విధంగా జరుగుతుంది: పన్ను ఎముకను తెచ్చుకోకుండా ఎముకలోంచి చీల్చుకుంటూ వస్తుంది, బుగ్గ వైపు వేరు మీద ఎముక పోతుంది, చిగురు దిగుతుంది. ఎముక వేయనక్కర్లేదన్న మాట మొదటి రకానికి నిజం, రెండో రకానికి ప్రమాదకరం. యువతి దవడ అంచు ఏ మందాన ఉందో చూడకుండా ఏ రకమో చెప్పలేము. మధ్యస్థంగా ఉన్నవాటి విషయంలో అనుభవజ్ఞులు కూడా ఒకరితో ఒకరు విభేదిస్తారు, నా దృష్టిలో ఆ విభేదం నిజాయితీ గలదే.

ఎముక హద్దు దాటించే ప్రయత్నం గురించి రెండు మాటలు. పళ్లు కిక్కిరిసినవారికి దవడ పైపొరపై గాట్లు పెట్టి, ఎముక పొడి చల్లి, వారం రెండు వారాల్లోనే పళ్లను బయటికి జరపడం మొదలుపెట్టే పద్ధతిని అమెరికాలో విల్కో సోదరులు 2001లో ప్రచారంలోకి తెచ్చారు. తొలి నెలల్లో వేగం పెరగడం నిజమే. ఆ వేగం కొద్ది నెలలకే తగ్గిపోతుంది, పెరిగిన మందం ఏళ్ల తరువాత ఎంత మిగులుతుందన్న దానిపై ఫలితాలు కలగాపులగంగా ఉన్నాయి. సగం కాలంలో పూర్తి అన్న ప్రకటనలను ఆ వెలుగులో చదవాలి.

పొగాకు, చక్కెర జబ్బు, దూరాలు

ఏ పదార్థం, ఏ తేదీ అన్న చర్చ ఎంత సాగినా, ఫలితాన్ని తారుమారు చేసే కారణాలు కొన్ని నోటి బయట ఉంటాయి. ఒడిశాలో పళ్లకు రాసుకునే గుడాకు, కింది పెదవి లోపల పెట్టుకునే ఖైనీ, శ్రీకాకుళం నుంచి గంజాం దాకా తీరప్రాంతపు పెద్దవయసు ఆడవాళ్లలో కనిపించే అడ్డపొగ, ఇవన్నీ పొగాకే. చుట్ట వెలిగించిన కొనను నోట్లో పెట్టుకునే అడ్డపొగ అంగిలికి చేసే హాని వైద్యగ్రంథాల్లో ఎప్పటినుంచో నమోదైంది. నికోటిన్ సన్నని రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. పొగ తాగేవారిలో వేసిన ఎముక నిలిచే పాళ్లు తక్కువని అధ్యయనాలు మళ్లీమళ్లీ చెబుతున్నాయి. గుడాకును చాలామంది పొగాకుగా కాక పళ్లపొడిగా లెక్కిస్తారు. డాక్టరు "పొగ తాగుతారా" అని అడిగితే నిజాయితీగానే "లేదు" అంటారు. ప్రశ్న అడిగే తీరులోనే లోపముంది.

అదుపులో లేని చక్కెర జబ్బు చిగుళ్ల వాపును పెంచి, గాయం మానడాన్ని ఆలస్యం చేస్తుంది. ఎముకలు గుల్లబారినవారికి ఇచ్చే బిస్ఫాస్ఫోనేట్ మాత్రలు, సూదులు ఎముకను కరిగించే కణాలనే అణచివేస్తాయి; పంటిని జరిపేది ఆ కణాలే కనుక జరుగుడు మందగిస్తుంది, శస్త్రచికిత్స తరువాత దవడ ఎముక చచ్చుబడే ప్రమాదం కూడా అరుదుగా ఉంటుంది. వారానికొకసారి వేసుకునే ఆ మాత్రను మందుగా గుర్తుపెట్టుకోనివారు ఎక్కువ.

దూరం సంగతి వేరు. తీగల వైద్యానికి నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి వెళ్లడం మామూలు లెక్క. గంజాం నుంచి సూరత్ మగ్గాల పనికి వెళ్లే కుర్రవాడికి ఆ లెక్క కుదరదు. నేటి నికెల్-టైటానియం తీగలు తేలికపాటి బలాన్ని చాలా వారాలు విడవకుండా ఇస్తాయి కనుక మామూలు ఎముకలో ఒక రాక తప్పినా పెద్ద నష్టం ఉండదు. కొత్తగా ఎముక వేసిన చోట అలా కాదు. పళ్లు సరిగా శుభ్రం కాక చిగురు వాచిన సంగతి ఎవరూ చూడకుండా తీగ తన పని తాను చేసుకుపోతే, ముందు చెప్పిన గుంట లోతయ్యే పరిస్థితి వస్తుంది. అందుకే ఇలాంటివారికి కొందరు డాక్టర్లు ఎముక వేసే పనిని రోగి ఊళ్లో ఉండే కాలానికి జరుపుతారు, లేదా ఎముక వేశాక తీగకు బలం ఇవ్వకుండా పళ్లను కట్టి మాత్రమే ఉంచి, రోగి తిరిగి వచ్చాకే జరపడం మొదలుపెడతారు. వైద్యశాస్త్రం అవసరం లేదన్న ఆరు నెలల ఆగుడు ఇక్కడ రైలు టిక్కెట్టు వల్ల అవసరమవుతుంది.

పళ్లు అనుకున్న చోటికి చేరాక కూడా నారపొర, చిగురు పోగులు కొత్త స్థానానికి అలవాటు పడడానికి నెలలు పడుతుంది. చిగురు పైభాగపు పోగులకు ఏడాది దాకా పట్టవచ్చు. చిగుళ్ల జబ్బు వచ్చి పోయినవారికి పళ్లను మోసే ఎముక మొదటినుంచీ తక్కువే కనుక, పళ్ల వెనుక సన్నని తీగను శాశ్వతంగా అతికించి ఉంచుతారు. ఆ తీగ చుట్టూ గార చేరుతుంది, మూడు నెలలకో నాలుగు నెలలకో శుభ్రం చేయించాలి. ఆ పని మాత్రం పర్లాకిమిడిలోనైనా గుణుపురంలోనైనా సరే, ఊళ్లోని మామూలు పళ్ల డాక్టరు దగ్గరే అయిపోతుంది.